ఓడ పెద్దదైతే చాలునా?

పదిహేడవ శతాబ్దంలో సముద్రమార్గాన సూరత్‌కు వచ్చిన విదేశీ వర్తకుడు మొదట కాలు మోపినది సూరత్‌లో కాదు. తాపీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు ఎక్కువ, లోతు తక్కువ. మహాసముద్రాలు దాటి వచ్చిన పెద్ద ఓడలు నదిలో ప్రవేశించి నగరపు రేవును చేరలేకపోయేవి. అందువల్ల నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన, సువాలి అనే తీరగ్రామం వద్ద అవి లంగరు వేసేవి. 1615లో ఇంగ్లండు రాజు దూతగా జహంగీరు చక్రవర్తి దర్బారుకు బయలుదేరిన సర్ థామస్ రో ఓడ దిగినది కూడా అక్కడనే. సువాలి నుంచి సరకును చిన్న పడవలలోకి, ఎడ్లబండ్లలోకి మార్చి నగరానికి చేరవేసేవారు. మన మచిలీపట్నానిదీ ఇంచుమించు ఇదే కథ. అక్కడ కూడా పెద్ద ఓడలు తీరానికి దూరంగా నిలిచేవి. సరకు ఒడ్డు చేరడానికి చిన్న పడవలే శరణ్యం.

ఇందులో ఒక నీతి ఉన్నది. ఓడ ఎంత పెద్దదైనా, గిడ్డంగి ఎంత విశాలమైనా, ఆ రెండింటి మధ్య తిరిగే పడవ ఎంత మోయగలదో వ్యాపారం అంతే సాగుతుంది. ఈ సంగతి సూరత్ వర్తకులకు నాలుగు వందల ఏళ్ల కిందటే తెలుసు. ఈనాడు అదే నగరంలో, ఆ మాటకు వస్తే దేశమంతటా, సరకు మారింది. ఓడలకు బదులు సర్వర్లు, గిడ్డంగులకు బదులు సమాచారాన్ని దాచే యంత్రాలు వచ్చాయి. పడవ స్థానంలో నెట్‌వర్కు తీగ వచ్చింది. అయినా పాత నీతి మారలేదు. లక్షలు పోసి నిల్వ యంత్రాలు కొనేవారు ఓడ కొలతలు శ్రద్ధగా అడుగుతారు. పడవ మాట చాలామంది అడగరు. ఆ పడవను గురించి తెలుసుకోవడమే ఈ నెల ఈ శీర్షిక ఉద్దేశం.

సూరత్ అనగానే తెలుగు పాఠకులకు మొదట గుర్తుకు వచ్చేది చీర. హైదరాబాదు, విజయవాడ, వరంగల్లు అంగళ్లలో దొరికే కృత్రిమ నూలు చీరలలో పెద్ద భాగం అక్కడి మరమగ్గాల మీద పుట్టినదే. ఆ మగ్గాల వెనుక తెలుగు చేతులు కూడా ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడపడమే ఇందుకు నిదర్శనం. సూరత్ రెండవ కీర్తి వజ్రం. ప్రపంచంలో సానబట్టే వజ్రాలలో, సంఖ్యను బట్టి చూస్తే, పదింట సుమారు తొమ్మిది ఆ నగరంలోనే మెరుగు దిద్దుకుంటాయని అంచనా. 2023 డిసెంబరులో ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ సుమారు 67 లక్షల చదరపు అడుగుల విస్తీర్ణంతో ప్రపంచంలోకెల్ల పెద్ద కార్యాలయ భవనంగా పేరుపొందింది.

చీరకు, వజ్రానికి, సమాచార నిల్వకు సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చు. చీర మీద పువ్వు ఇప్పుడు మొదట కంప్యూటరు తెర మీద పూస్తుంది. రంగు రంగుకూ వేరుగా పొరలున్న ఒక్క నమూనా చిత్రం అనేక కోట్ల అక్షరాల చోటు ఆక్రమిస్తుంది. ముడి వజ్రాన్ని కోసే ముందు యంత్రం దానిని అన్ని వైపుల నుంచీ పరిశీలించి, లోపలి మచ్చలతో సహా త్రిపరిమాణ రూపాన్ని నమోదు చేస్తుంది. ఆ నమోదును బట్టే ఎక్కడ కోయాలో నిర్ణయిస్తారు. ఇక నగరం సంగతి. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ నగరాల జాబితాలో సూరత్ ఒకటి. అంతకు ముందే, 2013 నాటికే, అక్కడి పోలీసులు కూడళ్లలో కెమెరాలు అమర్చి ఒకే కేంద్రం నుంచి గమనించే పద్ధతి ప్రవేశపెట్టారు. రాత్రింబగళ్లు కన్నార్పని కెమెరా చూసిన ప్రతి దృశ్యాన్నీ ఎక్కడో ఒకచోట దాచవలసిందే.

ఇంత సమాచారం ఒక పెట్టెలో పట్టదు. కనుక అనేక పెట్టెలను చేర్చి, బయటివారికి ఒకే పెద్ద గిడ్డంగిగా కనిపించేటట్లు అమరుస్తారు. దీనినే క్లస్టర్ అంటారు. ఒక్కొక్క పెట్టెలో కొన్ని డిస్కులు, ఒక చిన్న కంప్యూటరు, నెట్‌వర్కు తీగలు తగిలించే ద్వారాలు ఉంటాయి. చోటు చాలనప్పుడు మరొక పెట్టె చేర్చితే సరిపోతుంది. అమెరికాలోని సియాటిల్‌లో 2001లో స్థాపితమైన ఐసిలాన్ సంస్థ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యమైనది. అది 2010లో ఈఎంసీ సంస్థకు, తరువాత దానితోపాటు 2016లో డెల్ సంస్థకు చేరింది. ఈనాడు ఇటువంటి క్లస్టర్లను తయారుచేసే సంస్థలు అనేకం ఉన్నాయి.

క్లస్టర్‌కు రెండు దారులు ఉంటాయి. మొదటిది వీధి వాకిలి. కెమెరాలు, కార్యాలయపు కంప్యూటర్లు సమాచారాన్ని తెచ్చి ఇచ్చేదీ, తీసుకొనిపోయేదీ ఈ దారినే. రెండవది లోపలి దారి. పెట్టెలు తమలో తాము మాట్లాడుకునే దారి అది. ఉమ్మడి కుటుంబంలో వీధి వాకిలి నుంచి వచ్చే అతిథులను అందరూ చూస్తారు. వంటింటికీ కొట్టుగదికీ మధ్య రోజంతా జరిగే రాకపోకలు ఎవరికీ కనబడవు. ఇల్లు నడిచేది మాత్రం ఆ రాకపోకల మీదనే. క్లస్టర్ విషయంలోనూ అంతే. కొన్ని చిన్న అమరికలలో ఈ రెండు దారులూ ఒకే తీగ మీద నడుస్తాయి. పెద్దవాటిలో వేరువేరుగా ఉంచడం క్షేమం.

ఈ దారుల వెడల్పును కొలిచే ప్రమాణం గిగాబిట్. సెకనుకు 100 కోట్ల బిట్లను మోయగల తీగ ఒక గిగాబిట్ తీగ. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్ అవుతుంది కనుక ఆ తీగ సెకనుకు 12.5 కోట్ల బైట్లను, అనగా 125 మెగాబైట్లను మోస్తుంది. డిస్కు పరిమాణాన్ని బైట్లలో, తీగ వేగాన్ని బిట్లలో చెప్పడం ఈ రంగంలో ఆచారం. ఈ తేడా తెలియక ఎనిమిది రెట్లు పొరపాటు పడినవారు ఎందరో ఉన్నారు. పాఠకులు దీనిని గుర్తుంచుకుంటే తరువాతి లెక్కలు సులభంగా అర్థమవుతాయి.

ఈథర్‌నెట్ అనే ఈ తీగల పద్ధతికి 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అంకురార్పణ చేశారు. నాటి వేగం సెకనుకు 29.4 లక్షల బిట్లు మాత్రమే. 1983లో ప్రామాణికమైన వేగం కోటి బిట్లు. 1995లో అది పది కోట్లయింది. 1998లో ఒక గిగాబిట్, 2002లో 10 గిగాబిట్లు వచ్చాయి. 2010లో 40, 100 గిగాబిట్ల ప్రమాణాలు ఒకేసారి వెలువడ్డాయి. 2016లో 25, 2017లో 200, 400 గిగాబిట్ల ప్రమాణాలు, 2024లో 800 గిగాబిట్ల ప్రమాణం వచ్చాయి. యాభై ఏళ్లలో వేగం రెండున్నర లక్షల రెట్లకు మించి పెరిగిందన్న మాట. ఇన్ని వేగాలు సంతలో ఉండగా కొనుగోలుదారుకు సందేహం కలగడం సహజం. ఏది కొనాలి?

మాటలతో తేలే ప్రశ్న కాదు ఇది. కాగితం, పెన్సిలు తీసుకుందాం. సూరత్ వంటి నగరంలో వెయ్యి కెమెరాలు ఉన్నాయనుకుందాం. ఇది ఉదాహరణ కోసం చేసుకున్న ఊహ మాత్రమే. ఒక్కొక్క కెమెరా సెకనుకు 40 లక్షల బిట్లు పంపితే వెయ్యి కెమెరాలు కలిసి 4 గిగాబిట్లు, అనగా సెకనుకు 500 మెగాబైట్లు పంపుతాయి. రోజుకు 86,400 సెకన్లు. కనుక ఒక రోజు నిల్వ 43.2 టెరాబైట్లు. టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు. దృశ్యాలను 30 రోజులు ఉంచాలంటే 1,296 టెరాబైట్లు కావాలి.

డిస్కులు చెడిపోవడం తప్పదు. అందువల్ల సమాచారాన్ని ఉన్నదున్నట్లు దాచరు. ప్రతి భాగాన్నీ ఎనిమిది ముక్కలు చేసి, గణిత సూత్రంతో మరి రెండు రక్షణ ముక్కలు తయారుచేసి, పదింటినీ పది వేరువేరు పెట్టెలలో దాచుతారు. ఏ రెండు పెట్టెలు పోయినా మిగిలిన ఎనిమిదింటితో మొత్తం సమాచారాన్ని తిరిగి తయారుచేయవచ్చు. మూడవది కూడా పోతే మాత్రం చేయగలిగినది లేదు. ఈ రక్షణకు అదనంగా నాలుగవ వంతు చోటు పడుతుంది. అప్పుడు మనకు కావలసినది సుమారు 1,620 టెరాబైట్లు. ఒక్కొక్కటి 16 టెరాబైట్ల డిస్కులు 12 ఉన్న పెట్టెలు పది తీసుకుంటే 1,920 టెరాబైట్లు అవుతుంది. కొంత ఖాళీ మిగులుతుంది. ఒక్కొక్క పెట్టెలో సుమారు 160 టెరాబైట్ల సమాచారం చేరుతుంది.

ఇప్పుడు తీగ వేగం ఎంత ఉండాలి? మామూలు రోజున వీధి వాకిలి నుంచి వచ్చేది మొత్తం 4 గిగాబిట్లు. పది పెట్టెలకు పంచితే ఒక్కొక్క దానికి 0.4 గిగాబిట్. రక్షణ ముక్కలను కూడా కలిపితే లోపలి దారి మీద పెట్టెకు సుమారు అర గిగాబిట్. అంటే ఒక గిగాబిట్ తీగ కూడా సగం ఖాళీగానే ఉంటుంది! ఈ లెక్క చూసి కొనుగోలుదారు సంతోషిస్తాడు. చవకైన తీగతో పని జరుగుతూ ఉంటే ఖరీదైనది ఎందుకని ప్రశ్నిస్తాడు. ఏడాది గడుస్తుంది. ఏ ఇబ్బందీ రాదు. తన నిర్ణయం సరైనదేనని నమ్మకం కుదురుతుంది.

ఆ తరువాత ఒకనాటి రాత్రి ఒక పెట్టె ఆగిపోతుంది.

దాని స్థానంలో కొత్త పెట్టె తెచ్చి, పోయిన 160 టెరాబైట్లను తిరిగి తయారుచేసి అందులో నింపాలి. ఒక గిగాబిట్ తీగ మీద సెకనుకు 125 మెగాబైట్ల చొప్పున ఇది పూర్తి కావడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కించండి. ఇంచుమించు 15 రోజులు! అదీ తీగ మీద మరే పనీ జరగకుండా ఉంటేనే. నిజానికి కెమెరాలు ఆగవు కనుక తీగలో సగం వాటి రాకపోకలకే పోతుంది. అప్పుడు నెల రోజులు. ఈ నెల రోజులూ క్లస్టర్ ఒంటి కాలి మీద నడుస్తున్నట్లే. ఈలోగా మరొక పెట్టె పోతే రక్షణ పూర్తిగా కరిగిపోతుంది. ఆపైన మూడవ పెట్టె కాదుగదా, మిగిలిన వాటిలో ఒక్క డిస్కు చెడినా కొంత సమాచారం శాశ్వతంగా పోయినట్లే. ఒకేసారి కొని, ఒకే గదిలో, ఒకే వేడిలో పనిచేసిన యంత్రాలు ఇంచుమించు ఒకే కాలంలో అలసిపోవడం వింత కాదు. ఆ పోయిన దృశ్యం తప్పిపోయిన బిడ్డ ఎటు వెళ్లినదో చూపే ఏకైక సాక్ష్యం కావచ్చు. న్యాయస్థానం అడిగిన ఆధారం కావచ్చు.

ఇదే పని 10 గిగాబిట్ల తీగ మీద సుమారు 36 గంటలలో ముగుస్తుంది. 25 గిగాబిట్ల తీగ మీద 14 గంటలు. 100 గిగాబిట్ల తీగ మీద మూడున్నర గంటలే. అయితే అన్నిటికంటె వేగవంతమైనదే కొందామా? తొందరపడకండి. తీగ అవతలి చివర ఉన్న డిస్కుల మాట మరచిపోయాము. తిరిగే పళ్లెం గల డిస్కు సెకనుకు సుమారు 200 మెగాబైట్లు రాయగలదు. 12 డిస్కులు కలిసి 2,400 మెగాబైట్లు, అనగా ఇంచుమించు 19 గిగాబిట్లు. ఆ వేగాన 160 టెరాబైట్లు రాయడానికి పద్దెనిమిదిన్నర గంటలు పడుతుంది. తీగ 25 గిగాబిట్లదైనా 100 గిగాబిట్లదైనా ఈ పద్దెనిమిదిన్నర గంటలు తగ్గవు. కనుక ఇటువంటి పెట్టెకు ఒక గిగాబిట్ ప్రమాదం, 100 గిగాబిట్లు దుబారా. 10 ఓర్చుకోదగినది. 25 సరిగ్గా తగినది.

డిస్కుల జాతి మారితే ఈ తీర్పు కూడా మారుతుంది. పళ్లెం తిరగకుండా చిప్పులలోనే దాచే కొత్త రకం ఎన్‌వీఎంఈ డిస్కు ఒక్కటే సెకనుకు 3,000 మెగాబైట్లకు తగ్గకుండా చదవగలదు. ఒక్క డిస్కుకే 24 గిగాబిట్లు! అటువంటివి ఎనిమిది ఉన్న పెట్టెకు 25 గిగాబిట్ల తీగ తగిలించడం ఏనుగుకు ఎలుక కన్నం చూపడం వంటిది. అక్కడ 100 గిగాబిట్లు విలాసం కాదు, అవసరం.

ఇక్కడ మరొక మెలిక ఉన్నది. పోయిన ఒక ముక్కను తిరిగి తయారుచేయాలంటే మిగిలిన వాటిలో ఎనిమిది ముక్కలను చదవాలని చెప్పుకున్నాము. అంటే 160 టెరాబైట్లు తయారు కావడానికి లోపలి దారి మీద కదిలే సమాచారం దానికి ఎనిమిది రెట్లు, 1,280 టెరాబైట్లు. ఈ శ్రమను పెట్టెలన్నీ పంచుకుంటే ఒక్కొక్క దాని వంతు 140 టెరాబైట్లకు అటూ ఇటుగా ఉంటుంది. అప్పుడు మనం పైన వేసిన లెక్క ఉజ్జాయింపుగా నిలుస్తుంది. అలా పంచుకోకుండా కొత్త పెట్టె ఒక్కటే అంతా తెచ్చుకొని లెక్క కట్టవలసి వస్తే కాలం ఎనిమిది రెట్లవుతుంది. 36 గంటల పని 12 రోజుల పనిగా మారుతుంది. ఏ కంపెనీ యంత్రం ఏ పద్ధతిని పాటిస్తుందో కొనే ముందే అడిగి తెలుసుకోవాలి.

లోపలి దారికి ఉన్న ఈ ప్రాముఖ్యాన్ని తయారీదారులు మొదటి నుంచీ గుర్తించారు. ఐసిలాన్ యంత్రాలు చాలాకాలం లోపలి దారికి ఇన్ఫినీబ్యాండ్ అనే మరొక పద్ధతిని వాడాయి. కబురు పంపడానికీ అందుకోవడానికీ మధ్య జాప్యం అందులో చాలా తక్కువ. తరువాత ఈథర్‌నెట్ వేగం పెరిగి, ధర దిగివచ్చింది. 2017లో వచ్చిన తరం యంత్రాల నుంచి లోపలి దారికి కూడా ఈథర్‌నెట్‌ను ఎంచుకునే వీలు కలిగింది.

ఇక వీధి వాకిలి సంగతి. చీరల నమూనాలు గీసే కార్యాలయంలో పది మంది చిత్రకారులు ఉన్నారనుకుందాం. యజమాని 100 గిగాబిట్ల క్లస్టర్ కొన్నాడు. చిత్రకారుల కంప్యూటర్లకు మాత్రం పాత ఒక గిగాబిట్ తీగలే ఉన్నాయి. రెండు గిగాబైట్ల నమూనా తెరవడానికి నిన్న 16 సెకన్లకు పైగా పట్టింది. ఈరోజూ అంతే పడుతుంది. సువాలిలో ఎంత పెద్ద ఓడ నిలిచినా పడవ పాతదే కదా! అక్కడ చేయవలసినది క్లస్టర్‌ను మార్చడం కాదు, చిత్రకారుల బల్లల దాకా 10 గిగాబిట్ల తీగ లాగడం.

రెండు తీగలను జోడించితే వేగం రెట్టింపవుతుందన్నది మరొక అపోహ. సూరత్‌ను వంతెనల నగరం అంటారు. 1877లో తాపీ మీద హోప్ వంతెన కట్టిన తరువాత ఒకదాని వెంట ఒకటిగా అనేక వంతెనలు వచ్చాయి. వంతెనలు రెండయితే రెట్టింపు బండ్లు నది దాటగలవు, నిజమే. కాని ఒక బండి ఒకేసారి రెండు వంతెనల మీద నడవలేదు. అదే విధంగా 10 గిగాబిట్ల తీగలు రెండు జోడించితే పది మంది వాడుకరులకు మేలు కలుగుతుంది. ఒక్క పెద్ద ఫైలును ఒక్కరు తెచ్చుకునేటప్పుడు మాత్రం సాధారణంగా 10 గిగాబిట్ల వేగమే దక్కుతుంది. అయినా జంట తీగ వృథా కాదు. ఒకటి తెగినా రెండవది పనిచేస్తుంది. దానిని వేగం కోసం కాక భద్రత కోసం పెట్టుకోవాలి.

40 గిగాబిట్లకు, 25 గిగాబిట్లకు మధ్య ఎంపిక కూడా అంకెలు చూసి చేయదగినది కాదు. 40 గిగాబిట్ల ద్వారం లోపల ఒక్కొక్కటి 10 గిగాబిట్ల బాటలు నాలుగు ఉంటాయి. 25 గిగాబిట్ల ద్వారానిది ఒకే బాట. 100 గిగాబిట్లంటే అటువంటి 25 బాటలు నాలుగు. కనుక ఈనాడు 25 కొన్నవారు రేపు 100కు సాఫీగా ఎదగగలరు. 40 కొన్నవారి దారి అక్కడితో ఆగిపోయినట్లే. 40 పెద్ద అంకె కావచ్చు, కొత్తగా కొనేవారికి 25 తెలివైన ఎంపిక.

చివరిగా సూరత్ ఎన్నటికీ మరువరాని మరొక పాఠం. 2006 ఆగస్టులో ఎగువన కుండపోతగా వర్షాలు కురిశాయి. ఉకాయి జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీటిని తాపీలోకి వదలవలసి వచ్చింది. నగరంలో నాలుగింట మూడు వంతులు నీట మునిగింది. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. అంగళ్లలో చీరల కట్టలు, కార్యాలయాలలో దస్తావేజులు తడిసి ముద్దయ్యాయి. పది పెట్టెలలో రెండు పోయినా నిలిచే క్లస్టర్ పది పెట్టెలూ ఒకేసారి మునిగితే ఏం కాగలదు? అందుకే మరొక నగరంలో నకలు ఉంచాలి. అక్కడ మళ్లీ పడవ ప్రశ్నే ఎదురవుతుంది.

మన ఉదాహరణలో రోజుకు 43.2 టెరాబైట్లు చేరుతున్నాయి. ముంబయికి ఒక గిగాబిట్ లైను ఉంటే ఒక రోజు సమాచారం చేరడానికి నాలుగు రోజులు కావాలి. అంటే ఎన్నటికీ చేరదు. 10 గిగాబిట్ల లైను మీద పది గంటలలోపు చేరుతుంది. దూరం కూడా కొంత సుంకం వసూలు చేస్తుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 280 కిలోమీటర్ల తీగ మీద పోయి రావడానికి సెకనులో వెయ్యవ వంతులు దాదాపు మూడు పడతాయి. ఈ జాప్యాన్ని ఎంత డబ్బు పోసినా కొనలేము. ప్రతి అక్షరం రెండు చోట్లా రాసిన తరువాతనే పని ముగిసినట్లు లెక్కించే పద్ధతి పెడితే ఈ మూడు వంతులు ప్రతి అడుగులోనూ ఎదురవుతాయి.

డిస్కులే సంచిలో పెట్టుకొని రైలెక్కితే ఏమని కొందరు చమత్కరిస్తారు. చమత్కారమే అయినా లెక్క వేసి చూడదగినదే. 43.2 టెరాబైట్లు మూడు డిస్కులలో పడతాయి. నాలుగు గంటల ప్రయాణమనుకుంటే ఆ సంచి వేగం 24 గిగాబిట్లు! చాలా లైన్ల కంటె మెరుగు. కాని ఆ మూడు డిస్కులలో సమాచారం నింపడానికి 20 గంటలు, అవతల దించుకోవడానికి మరో 20 గంటలు పడుతుంది. రైలు సువాలి ఓడ వంటిది. దానికీ ఒక పడవ కావాలి.

అందువల్ల బుద్ధిమంతుడైన కొనుగోలుదారు అమ్మేవానిని అడగవలసిన ప్రశ్నలు నాలుగు. మామూలు రోజున ఒక్కొక్క పెట్టెకు ఎంత రాకపోక ఉంటుంది? ఒక పెట్టె పోయిన నాడు దానిని తిరిగి నింపడానికి, పని సాగుతూ ఉండగా, ఎన్ని గంటలు పడుతుంది? ఆ గంటలను నిర్ణయించేది తీగా, డిస్కా, పెట్టెలోని కంప్యూటరా? ఈ నగరమే మునిగిన నాడు నకలు ఎక్కడ, ఎంత పాతది ఉంటుంది? ఈ నాలుగింటికీ అంకెలతో సమాధానం చెప్పలేనివాని వద్ద ఎంత వేగవంతమైన యంత్రం ఉన్నా దానిని కొనడంలో విజ్ఞత లేదు. సమాధానాలు చేతికి వచ్చిన తరువాత ఏ వేగం కొనాలన్నది దానంతట అదే తేలుతుంది.

ఆనకట్ట మత్తడిని ఏటా వచ్చే వరదకు సరిపోయేటట్లు కట్టి ఊరుకోరు. నూరేళ్లకు ఒకసారి వచ్చే వరదను దృష్టిలో ఉంచుకొని కడతారు. సమాచారపు దారులకూ అదే న్యాయం. వాటిని కొలవవలసినది అంతా సవ్యంగా ఉన్న రోజున కాదు, ఒక పెట్టె ఆగిపోయిన రాత్రి. సువాలి వద్ద ఓడలు నిలిచిన రోజులు పోయాయి. తాపీ ముఖద్వారంలో పేరుకున్న ఇసుకను మాత్రం వర్తకులు ఏనాడూ మరచిపోలేదు. ప్రతి ఓడ రాకకు ముందే పడవలు సిద్ధం చేసుకునేవారు. మనకు కావలసినదీ ఆ ముందుచూపే.